తీగపాకం

రేపు ఇసిద్రో పునీతుడి పండగ.
తెయోఫిలో పంది తొడ తెచ్చాడు,
ఎనిమిది కిలోలు, చర్మంతో సహా,
అరటాకులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని.
"కొవ్వు చూశావా ఎంత మందమో!"
పెళ్లినాడు నన్ను చూసి కూడా ఇంత మురవలేదు ఈ మనిషి.

అనాసలు మాత్రం నేనే కోస్తాను.
ఇరవై ఆరేళ్లు కోశాను,
ఈ బుకిద్నోన్ కొండ దిగువన, డబ్బాల ఫ్యాక్టరీలో.
బెల్టు ఆగదు, కాయ ఆగదు,
గ్లవ్సు చిరిగితే కొత్తది గురువారం దాకా రాదు.
రసం కుట్టేది. మొదటి వారం ఏడ్చాను.
రెండో వారం పక్కదాన్ని తిట్టాను.
ఆ తర్వాత చేతుల సంగతి తలుచుకోవడం మానేశాను.

అనాసని మనం తింటున్నామనుకుంటాం.
అదీ మనల్ని తింటూనే ఉంటుంది,
నాలిక మీద ఆ చురుకు దాని పళ్లే.
ఎంత ముదురు మాంసమైనా ఆ రసంలో రెండు గంటలు నానితే
మొండిపట్టు వదిలి మాట వింటుంది.
అంతే, రెండు గంటలు.
మా ఆడబిడ్డ నార్సీసా ఓసారి రాత్రంతా వదిలేసింది,
తెల్లారేసరికి గుజ్జు.
పండక్కి వచ్చినవాళ్లంతా చెంచాలతో తిని
చాలా బాగుందన్నారు, పాపం.

పోయిన నెల పింఛను ఆఫీసుకి వెళ్లాను.
మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు,
"ఈ గాజు మీద వేలు పెట్టమ్మా" అన్నాడు.
పెట్టాను. ఎర్రదీపం.
గౌనుకి తుడిచి పెట్టాను. ఎర్రదీపం.
పది వేళ్లూ అయిపోయాయి,
వెనక వరసలో ఎవరో దగ్గారు.
"ఇందులో మీరు లేరండీ" అన్నాడు వాడు, ఎంతో మర్యాదగా.
మెట్ల మీద కూచుని వేళ్లు ఎండకి పెట్టి చూసుకున్నాను.
నిజమే. తుడిచిన పలక.
ఎన్ని డబ్బాల్లో సీలు పడి ఓడెక్కాయో నా సుడులు,
ఏ దేశంలో ఎవరు
ఏ పుట్టినరోజు కేకు మీద ముక్కలతో పాటు
నన్ను కాస్త కాస్తగా తినేశారో.

సరే, పొయ్యి ఎగదొయ్యవయ్యా, పొగ చూస్తూ నిలబడతావేం.
తొడ ఉడికింది. చర్మం ఒలిచి
కొవ్వు మీద గళ్లుగా గాట్లు పెట్టి
గడికొక లవంగం గుచ్చాను.
మూకుట్లో అనాస రసం, నల్లబెల్లం,
కొబ్బరి సిర్కా ఓ చుక్క, రెండు బిరియానీ ఆకులు.
బుడగలు ముందు కుర్రకారులా ఎగిరిపడతాయి,
చిక్కబడేకొద్దీ పెద్దమనుషుల్లా
ఒక్కొక్కటే లేచి, ఆలోచించి, పగులుతాయి.
వేలితో ముట్టి, బొటనవేలికి అంటించి విడదీస్తే
సన్నని తీగ, తెగకుండా ఓ క్షణం నిలవాలి.
నా వేళ్లకి వేడి తెలీదు.
ఫ్యాక్టరీ ఇచ్చిన బోనస్ అదొక్కటే.

పాకం పూసి, పైన పంచదార చల్లి,
ఎర్రగా కాల్చిన అట్లకాడతో అదిమితే
చుయ్‌మని ఇల్లంతా వాసన.
పూసి, అదిమి, మళ్లీ పూసి.
అర్ధరాత్రికి తొడ అద్దంలా మెరిసింది,
అందులో లాంతరు, లాంతరు పక్కన నేను.

పొద్దున్నే గుడ్డ తీసి చూస్తే
గట్టిపడిన పాకం నిండా వేలిముద్రలు!
ఏ సర్కారు గాజు మీదా పడనంత శుభ్రంగా.
ఈ చిన్న సుడి రువెలిన్‌ది.
ఈ వంకరది దాని తమ్ముడిది, మచ్చతో సహా.
ఈ వెడల్పాటిది తెయోఫిలో, అరవై ఎనిమిదేళ్ల దొంగ.
ముగ్గుర్నీ వరసలో నిలబెట్టి
పెద్దవాడితో మొదలెట్టి చెవులు మెలిపెట్టాను.

"మరి లోలా," రువెలిన్ తొడ మీదికి వంగింది,
"ఈ మూల ఇంత ముక్క పోయింది కదా,
ఇక్కడ ఎవరి ముద్రా లేదేం?"

నేనేం మాట్లాడలేదు.
నోట్లో లవంగం ఉంది.